గ్రేడిల్‌లో ఓపెన్‌ఏపీఐ జనరేటర్ ప్లగిన్: స్పెక్ మార్చినా కోడ్ మారడం లేదు, మొదటి బిల్డ్ నిలబడడం లేదు

గోదావరి_జావా

అందరికీ నమస్కారం. మా బృందం ఒక చెల్లింపుల సేవను జావా 17, స్ప్రింగ్ బూట్ 3 మీదికి తెస్తోంది. ఇప్పటిదాకా కంట్రోలర్లనూ డీటీఓ (డేటాను మోసే) క్లాసులనూ చేత్తోనే రాస్తూ వచ్చాం. ఏపీఐ పత్రంలో ఉన్నది ఒకటి, సర్వర్ పంపేది మరొకటి అవుతూ ఉండడంతో, ఇకమీదట స్పెసిఫికేషన్‌ను (స్పెక్, అంటే ఏపీఐ ఎలా ఉండాలో చెప్పే ఫైల్) ముందు రాసి, సర్వర్ ఇంటర్‌ఫేసులనూ మోడల్ క్లాసులనూ దాని నుంచే జనరేట్ చేయాలని నిర్ణయించుకున్నాం. మా సొంత స్పెక్ ఒకటి, మేము పిలవాల్సిన భాగస్వామి సంస్థ స్పెక్ ఒకటి, మొత్తం రెండున్నాయి.

స్పెక్ నుంచి కోడ్ పుట్టించే ఓపెన్‌ఏపీఐ జనరేటర్‌ను, మా బిల్డ్ పనిముట్టు గ్రేడిల్‌కు ప్లగిన్‌గా బిల్డ్ ఫైల్‌లో చేర్చి, జనరేటర్ పేరు ‘స్ప్రింగ్’ అనీ, ఇన్‌పుట్ స్పెక్ ఫలానా యామల్ ఫైల్ అనీ ఇచ్చాను. మూడు ఇబ్బందులు ఎదురయ్యాయి. రిపాజిటరీని కొత్తగా క్లోన్ చేసి బిల్డ్ నడిపితే జనరేట్ కావలసిన క్లాసులు కనబడడం లేదని కంపైలర్ ఆగిపోతోంది. జనరేట్ టాస్క్‌ను విడిగా నడిపి మళ్ళీ బిల్డ్ చేస్తే సాఫీగా పోతోంది. రెండోది, మా స్పెక్ ఒకే ఫైల్ కాదు, స్కీమాలు పక్క ఫోల్డర్‌లో వేరే ఫైళ్ళుగా ఉండి రెఫ్ (మరో ఫైల్‌ను చూపే సూచన) ద్వారా కలుస్తాయి. రీఫండ్ స్కీమాలో కొత్త ఫీల్డ్ చేర్చినా గ్రేడిల్ ‘అప్ టు డేట్’ అని చెప్పి టాస్క్‌ను నడపకుండానే దాటిపోతోంది. మూడోది, జనరేట్ అయిన క్లాసుల్లో జావాఎక్స్ (పాత జావా ప్యాకేజీల పేరు) ఇంపోర్టులు వస్తున్నాయి, అవి కంపైల్ కావడం లేదు.

వీటితోపాటు, జనరేట్ అయిన కోడ్‌ను గిట్‌లో కమిట్ చేయాలా వద్దా అన్న విషయంలో మా బృందం రెండుగా చీలి ఉంది. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

బిల్డ్_మేస్త్రి

మీ మొదటి ఇబ్బందితో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావి దానికి దగ్గరగానే ఉన్నాయి.

ప్లగిన్‌ను చేర్చినంత మాత్రాన గ్రేడిల్‌కు తెలిసేది ఒక్కటే: ‘ఓపెన్‌ఏపీఐజనరేట్’ అనే టాస్క్ ఒకటి ఉంది. దాని ఫలితం మీ జావా సోర్సులో భాగమన్న సంగతిని ప్లగిన్ తనంతట తాను చెప్పదు, అది మీరు చెప్పాలి. చాలామంది చేసేది ‘కంపైల్‌జావా’ టాస్క్‌కు ‘డిపెండ్స్ఆన్’ పెట్టి, సోర్స్ సెట్‌లో (కంపైల్ చేయాల్సిన ఫోల్డర్ల జాబితాలో) ఆ డైరెక్టరీ పేరును అక్షరాలా రాయడం. ఇది పనిచేస్తుంది కానీ సగమే. రేపు సోర్స్ జార్ తయారుచేసే టాస్క్‌నో, కాట్లిన్ కంపైల్ టాస్క్‌నో చేర్చారంటే అవి కూడా అదే డైరెక్టరీని చదువుతాయి, కానీ వాటికి ఆధారం (డిపెండెన్సీ) ప్రకటించి ఉండదు. ఒక టాస్క్ తయారుచేసిన దాన్ని మరో టాస్క్ ప్రకటన లేకుండా వాడుకుంటోందని గ్రేడిల్ 7 హెచ్చరించేది, గ్రేడిల్ 8 నుంచి బిల్డ్‌నే ఆపేస్తోంది.

అందుకని సోర్స్ సెట్‌లోని ‘సోర్స్‌డిర్’కు డైరెక్టరీ పేరు ఇవ్వకండి, జనరేట్ టాస్క్‌ను పేరుతో పట్టుకుని, దాని అవుట్‌పుట్ డైరెక్టరీ నుంచి ‘మ్యాప్’ చేసిన ప్రొవైడర్‌ను (విలువను అవసరమైనప్పుడు అందించే గ్రేడిల్ వస్తువును) ఇవ్వండి. అప్పుడు ఆ దారితోపాటు ‘దీన్ని తయారుచేసేది ఈ టాస్క్’ అన్న సమాచారం కూడా వెళుతుంది, ఆ సోర్స్ సెట్‌ను వాడే ప్రతి టాస్క్‌కూ ఆధారం దానంతట అదే ఏర్పడుతుంది, ‘డిపెండ్స్ఆన్’ ఒక్కటి కూడా రాయనక్కరలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది, తప్పక చూసుకోండి. ఈ జనరేటర్ పుట్టించేది కొన్ని క్లాసులను కాదు, దాదాపు ఒక పూర్తి ప్రాజెక్టును. అవుట్‌పుట్ డైరెక్టరీని తెరిచి చూస్తే అందులో పామ్ ఫైల్ (మేవెన్ బిల్డ్ ఫైల్), రీడ్‌మీ, ‘ఎస్ఆర్‌సీ, మెయిన్, జావా’ కింద క్లాసులు, సెట్టింగులను బట్టి ‘ఎస్ఆర్‌సీ, టెస్ట్’ కింద పరీక్షలు కూడా కనబడతాయి. మీరు సోర్స్ సెట్‌కు ఆ పై డైరెక్టరీనే ఇచ్చేస్తే, టెస్టు క్లాసులు కూడా మెయిన్ కంపైలేషన్‌లోకి వచ్చి జేయూనిట్ దొరకలేదని బిల్డ్ ఆగుతుంది. మీకు మాత్రం ఎక్కడా టెస్టు రాసిన జ్ఞాపకమే ఉండదు. కాబట్టి మ్యాప్ చేసేటప్పుడు లోపలి ‘ఎస్ఆర్‌సీ, మెయిన్, జావా’ దాకా దారిని పూర్తిగా ఇవ్వండి. ‘జనరేట్ఏపీఐటెస్ట్స్’, ‘జనరేట్‌మోడల్‌టెస్ట్స్’ అన్న రెండు సెట్టింగులకూ ‘ఫాల్స్’ ఇవ్వండి.

రెండు స్పెక్కులున్నాయి కాబట్టి ప్లగిన్ ఇచ్చే ఒక్క టాస్క్ సరిపోదు. అదే ప్లగిన్‌లో ఉన్న ‘జనరేట్‌టాస్క్’ రకంతో రెండో టాస్క్‌ను మీరే రిజిస్టర్ చేసుకోవాలి. రెండింటికీ అవుట్‌పుట్ డైరెక్టరీలు వేరుగా ఉండాలి, ప్యాకేజీ పేర్లు కూడా వేరుగా ఉండాలి. ఒకే డైరెక్టరీలోకి రెండూ రాస్తే ఒకదాని సహాయక ఫైళ్ళను మరొకటి తొక్కేస్తుంది, పైగా గ్రేడిల్ వాటి మార్పులను విడివిడిగా గుర్తించలేదు.

పాతకోట_మేవెన్

గ్రేడిల్ లాంటి మరో బిల్డ్ పనిముట్టు మేవెన్ వాడేవారు కూడా ఇది చదువుతారు కాబట్టి చిన్న చేర్పు. మేవెన్ ప్లగిన్‌లో ఈ మొదటి ఇబ్బంది రాదు. ‘జనరేట్’ గోల్ తనంతట తానే ‘జనరేట్ సోర్సెస్’ ఫేజ్‌కు కట్టుబడి ఉంటుంది, కంపైల్ ఫేజ్ దాని తరువాతే వస్తుంది. కోడ్ ‘టార్గెట్’ కింద ‘జనరేటెడ్ సోర్సెస్’లోని ‘ఓపెన్‌ఏపీఐ’ ఫోల్డర్‌లోకి వెళుతుంది, ఆ దారిని కంపైల్ మూలంగా చేర్చే పని కూడా ప్లగినే చూసుకుంటుంది. రెండు స్పెక్కులుంటే రెండు ‘ఎగ్జిక్యూషన్’లు, వాటికి వేర్వేరు ఐడీలు, వేర్వేరు అవుట్‌పుట్‌లు ఇవ్వాలి.

ఇంటర్నెట్‌లో దొరికే పాత పాఠాలను చూసి ‘స్వాగర్ కోడ్‌జెన్’ ప్లగిన్ సెట్టింగులను ఇందులో అతికించకండి. 2018లో స్వాగర్ కోడ్‌జెన్ నుంచి విడివడి వచ్చినదే ఓపెన్‌ఏపీఐ జనరేటర్. పోలికలు చాలా ఉన్నా సెట్టింగుల పేర్లు మారాయి. అక్కడ ‘లాంగ్వేజ్’ అని ఉండేది ఇక్కడ ‘జనరేటర్‌నేమ్’ అయింది.

సాగరతీరం

రెండో ఇబ్బంది గురించి చెబుతాను. గ్రేడిల్ ఒక టాస్క్‌ను మళ్ళీ నడపాలా వద్దా అన్నది ఆ టాస్క్ ప్రకటించిన ఇన్‌పుట్‌లను చూసి నిర్ణయిస్తుంది. మీరిచ్చిన ‘ఇన్‌పుట్‌స్పెక్’ ఒక్క ఫైల్. ఆ ఫైల్ లోపల రెఫ్ ద్వారా పిలిచిన స్కీమా ఫైళ్ళు ఎక్కడున్నాయో గ్రేడిల్ చదివి తెలుసుకోదు. ప్రధాన ఫైల్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు కాబట్టి దాని దృష్టిలో టాస్క్ నడపాల్సిన పనే లేదు. పరిష్కారం ఒక్క వాక్యమే: జనరేట్ టాస్క్ సెట్టింగుల్లో ‘ఇన్‌పుట్స్’ కింద స్పెక్ ఫోల్డర్ మొత్తాన్నీ డైరెక్టరీగా ప్రకటించండి. ఆ తరువాత రీఫండ్ స్కీమాలో చిన్న వివరణ మారినా టాస్క్ నడుస్తుంది.

దీనికి తోడైన సమస్య మరొకటి ఉంది, అది ఇంకా ప్రమాదకరం. స్పెక్ నుంచి ఒక స్కీమాను తీసేస్తే, కిందటిసారి పుట్టిన క్లాస్ అవుట్‌పుట్ డైరెక్టరీలో అలాగే మిగిలిపోతుంది, ఎందుకంటే జనరేటర్ కొత్త ఫైళ్ళను రాస్తుందే గాని పాతవాటిని తుడవదు. ఆ పాత క్లాస్‌ను వాడుతున్న మీ కోడ్ మీ యంత్రం మీద చక్కగా కంపైల్ అవుతుంది. సీఐ సర్వర్ (పంపిన కోడ్‌ను తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే యంత్రం) ఖాళీ డైరెక్టరీతో మొదలవుతుంది కాబట్టి అక్కడ పడిపోతుంది. ‘నా దగ్గర పనిచేస్తోంది’ అన్న వాదన అక్కడే పుడుతుంది. ఇటీవలి వెర్షన్లలో ‘క్లీనప్‌అవుట్‌పుట్’ అన్న సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చేయండి. పాత వెర్షన్‌లో ఉంటే జనరేట్ టాస్క్‌కు ‘డూఫస్ట్’ పెట్టి అవుట్‌పుట్ డైరెక్టరీని తొలగించవచ్చు. ఇది చేయాలంటే ఆ డైరెక్టరీలో మనిషి రాసిన ఫైల్ ఒక్కటి కూడా ఉండకూడదు, ఎలాగూ ఉండకూడదు.

గోదావరి_జావా

ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్రొవైడర్ పద్ధతి పెట్టాక కొత్త క్లోన్ మీద బిల్డ్ మొదటిసారే సాఫీగా పోతోంది, ఫోల్డర్‌ను ఇన్‌పుట్‌గా ప్రకటించాక మార్పులూ పట్టుబడుతున్నాయి. జావాఎక్స్ ఎర్రర్లు మాత్రం అలాగే ఉన్నాయి. కొన్ని క్లాసుల్లో ‘జేసన్‌నలబుల్’ అనే దాన్ని ఇంపోర్ట్ చేస్తోంది, ఆ ప్యాకేజీ లేదని కంపైలర్ అంటోంది. ‘యూజ్‌స్ప్రింగ్‌బూట్3’ అన్న సెట్టింగ్ పెట్టాలని ఒక చోట చదివి పెట్టాను, తేడా ఏమీ కనబడలేదు.

కాకతీయ_కోడ్

మీరు దాన్ని ఎక్కడ పెట్టారన్నదే ప్రశ్న. ఈ ప్లగిన్ సెట్టింగుల్లో రెండు అంతస్తులున్నాయి. ఇన్‌పుట్ స్పెక్, జనరేటర్ పేరు, అవుట్‌పుట్ డైరెక్టరీ, ప్యాకేజీ పేర్లు వంటివి అన్ని భాషల జనరేటర్లకూ సమానం. అవి పై అంతస్తులో ఉంటాయి. స్ప్రింగ్‌కు మాత్రమే చెందినవన్నీ ‘కాన్ఫిగ్‌ఆప్షన్స్’ అనే పట్టికలో ఉండాలి, గ్రేడిల్‌లో వాటి విలువలను స్ట్రింగ్‌లుగా, అంటే ‘ట్రూ’ను కూడా కోట్స్‌లో రాయాలి. ‘యూజ్‌స్ప్రింగ్‌బూట్3’ ఈ పట్టికలోనిది. ఇది పెడితే జకార్తా (జావాఎక్స్ స్థానంలో వచ్చిన కొత్త ప్యాకేజీ పేరు) ఇంపోర్టులు కూడా వచ్చేస్తాయి.

కాన్ఫిగ్ ఆప్షన్స్‌లో అక్షరం తప్పు పడితే ఎర్రర్ రాదు. జనరేటర్ ఆ పేరును గుర్తించక వదిలేసి ముందుకు పోతుంది. అందువల్ల సెట్టింగ్ పెట్టిన ప్రతిసారీ జనరేట్ అయిన ఫైల్‌ను తెరిచి చూడండి. మీ జనరేటర్ వెర్షన్‌లో ఏయే ఆప్షన్లు ఉన్నాయో, వాటి డిఫాల్ట్ ఏమిటో కమాండ్ లైన్ పనిముట్టులోని ‘కాన్ఫిగ్ హెల్ప్’ ఆదేశం జాబితాగా ఇస్తుంది. బ్లాగుల్లోని పాత జాబితాలకన్నా అదే నమ్మదగినది.

జావాఎక్స్ ఎందుకు వచ్చిందంటే, ‘జావాఎక్స్ అనోటేషన్’ ప్యాకేజీ జావా 11లోనే జేడీకే నుంచి తొలగిపోయింది, 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3 తన వంతుగా మొత్తం జకార్తా ప్యాకేజీలకు మారింది. జనరేటర్‌కు మీరు ఏ ప్రపంచంలో ఉన్నారో చెప్పకపోతే పాత పేర్లే రాస్తుంది.

జేసన్‌నలబుల్ సంగతి వేరు. జావాలో ఒక ఫీల్డ్ విలువ నల్ అయితే, పిలిచినవారు ఆ ఫీల్డ్‌ను అసలు పంపలేదా, లేక ‘తీసేయండి’ అనే ఉద్దేశంతో నల్ అని స్పష్టంగా పంపారా అన్నది తెలియదు. కొన్ని ఫీల్డులను మాత్రమే మార్చే ప్యాచ్ రిక్వెస్టుల్లో ఈ తేడా చాలా ముఖ్యం. పంపకపోవడం, నల్ పంపడం, విలువ పంపడం అన్న మూడు స్థితులనూ పట్టుకోవడానికే ఆ రకం ఉంది, జనరేటర్ దాన్ని డిఫాల్ట్‌గా వాడుతుంది. మీకు ప్యాచ్ ఉంటే ‘జాక్సన్ డేటాబైండ్ నలబుల్’ అనే లైబ్రరీని డిపెండెన్సీగా చేర్చండి, దాని మాడ్యూల్ ఆబ్జెక్ట్ మ్యాపర్‌లో నమోదయిందో లేదో చూడండి. ప్యాచ్ లేకపోతే ‘ఓపెన్‌ఏపీఐనలబుల్’ను ‘ఫాల్స్’ చేయండి, క్లాసులు తేలికవుతాయి.

అలాగే స్వాగర్ అనోటేషన్లు కూడా డిఫాల్ట్‌గా వస్తాయి. స్పెక్కే మీ దగ్గర ఉన్నప్పుడు, దాని నుంచి పుట్టిన కోడ్‌లో మళ్ళీ అదే సమాచారాన్ని అనోటేషన్లుగా మోయడం అనవసరమని నా అభిప్రాయం. ‘డాక్యుమెంటేషన్‌ప్రొవైడర్’, ‘అనోటేషన్‌లైబ్రరీ’ రెండింటికీ ‘నన్’ అని ఇస్తే ఒక డిపెండెన్సీ తగ్గుతుంది.

సీమ_బ్యాకెండ్

జనరేట్ అయిన కోడ్‌ను కమిట్ చేయాలనే పక్షాన నేను మాట్లాడతాను. స్పెక్‌లో ఒక ఫీల్డ్‌ను తప్పనిసరి చేస్తే, పుల్ రిక్వెస్టులో యామల్ ఫైల్‌లోని ఒక్క పంక్తి మాత్రమే కనబడుతుంది, సమీక్షించేవారు దాన్ని అలా దాటేస్తారు. జావా కోడ్ కూడా అక్కడే ఉంటే కన్‌స్ట్రక్టర్ మారింది, వ్యాలిడేషన్ వచ్చింది అని కళ్ళకు కడుతుంది. జనరేటర్ వెర్షన్ మార్చినప్పుడు ఏం మారిందో కూడా తెలుస్తుంది. కొన్ని సంస్థల్లో బిల్డ్ యంత్రాలకు బయటి నెట్‌వర్క్ ఉండదు, అక్కడ జనరేటర్ జార్‌ను తెచ్చుకోవడమే కష్టం. ఈ కారణాలను తీసిపారేయకూడదు.

బిల్డ్_మేస్త్రి

మీ కారణాలు నిజమైనవే, అయినా సేవల విషయంలో నేను వద్దనే చెబుతాను. కమిట్ అయి ఉన్న ఫైల్‌ను ఎవరో ఒకరు చేత్తో దిద్దుతారు. గడువు దగ్గరపడినప్పుడు, ఒక అనోటేషన్ మాత్రమే కదా అని దిద్దుతారు. తరువాత జనరేట్ నడిపినవారి చేతిలో ఆ దిద్దుబాటు పోతుంది, లేదా అది పోతుందన్న భయంతో ఎవరూ జనరేట్ నడపరు. రెండో స్థితి వచ్చిందంటే స్పెక్ మళ్ళీ పాత పత్రమే అవుతుంది, గోదావరి_జావా గారు ఏ స్థితి నుంచి బయటపడాలనుకున్నారో అక్కడికే తిరిగి చేరతారు. బిల్డ్ డైరెక్టరీలో ఉన్నదాన్ని ఎవరూ దిద్దరు, ఎందుకంటే ఒక్క ‘క్లీన్’తో అది పోతుందని అందరికీ తెలుసు.

మార్పు కనబడాలన్న మీ కోరికకు వేరే దారి ఉంది. పాత స్పెక్‌నూ కొత్త స్పెక్‌నూ పోల్చి, పిలిచేవారిని విరగ్గొట్టే మార్పులను చెప్పే ‘ఓఏఎస్‌డిఫ్’ వంటి పనిముట్లు ఉన్నాయి. దాన్ని సీఐలో పెడితే, తప్పనిసరి ఫీల్డ్ చేరిన పుల్ రిక్వెస్టు అక్కడే ఆగుతుంది. సమీక్షకుని కన్ను అలసిపోవచ్చు, ఆ తనిఖీ అలసిపోదు.

ఒక్క మినహాయింపు ఒప్పుకుంటాను. మీరు బయటివారికి క్లయింట్ లైబ్రరీని సోర్సుగా ఇస్తున్నట్టయితే, లేదా గో భాషలో మాదిరిగా ప్యాకేజీని నేరుగా రిపాజిటరీ నుంచి తెచ్చుకునే పద్ధతి ఉంటే, కమిట్ చేయక తప్పదు. అప్పుడు ‘హైడ్‌జనరేషన్‌టైమ్‌స్టాంప్’ ఆన్ చేయండి, లేకపోతే ఏమీ మారకపోయినా ప్రతి ఫైల్‌లోనూ తేదీ మారి డిఫ్ అంతా నిండిపోతుంది. సీఐలో మళ్ళీ జనరేట్ చేసి, కమిట్ అయినదానికీ దానికీ తేడా వస్తే బిల్డ్‌ను ఆపే అడుగు కూడా పెట్టండి.

సీమ_బ్యాకెండ్

సీఐలో తేడా చూసే అడుగు ఉంటే చేతి దిద్దుబాట్ల భయం తీరుతుంది కాబట్టి మన రెండు పక్షాలకూ మధ్య దూరం అంతగా లేదు. నెట్‌వర్క్ లేని చోట మాత్రం అంతర్గత ఆర్టిఫాక్ట్ రిపాజిటరీలో ప్లగిన్‌ను ముందే ఉంచుకోవాలి, అది చేయలేనివారికి కమిట్ చేయడమే మార్గమని ఇప్పటికీ అనుకుంటున్నాను.

లెక్కల_ఏపీఐ

అందరూ ప్లగిన్ గురించే మాట్లాడుతున్నారు, నేను స్పెక్ గురించి మాట్లాడతాను. జనరేటర్ నుంచి మంచి కోడ్ రావడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువభాగానికి మూలం యామల్ ఫైల్‌లోనే ఉంటుంది.

చెల్లింపుల సేవ అన్నారు కాబట్టి మొత్తాలతో మొదలుపెడతాను. పైసల్లో పూర్ణాంకంగా పెట్టడం మంచి పద్ధతే. కానీ స్పెక్‌లో ‘టైప్ ఇంటిజర్’ అని మాత్రమే రాసి ఫార్మాట్ వదిలేస్తే జావాలో అది ‘ఇంటిజర్’ అవుతుంది. దాని గరిష్ఠ విలువ 2147483647. పైసల్లో చూస్తే అది 2 కోట్ల 14 లక్షల 74 వేల 836 రూపాయల 47 పైసలు. ఒక్కొక్క చెల్లింపుకు అది చాలనిపించవచ్చు. రోజు చివర వ్యాపారికి చేరే మొత్తాన్ని కూడా అదే స్కీమాతో పంపితే ఏదో ఒక రోజు ఆ గీత దాటుతుంది. ‘ఫార్మాట్ ఇంట్64’ అని రాయండి, ‘లాంగ్’ వస్తుంది. రూపాయల్లో దశాంశంగా పెట్టాలనుకుంటే ‘టైప్ నంబర్’ అని ఫార్మాట్ లేకుండా రాస్తే జావాలో ‘బిగ్‌డెసిమల్’ వస్తుంది, ‘ఫార్మాట్ డబుల్’ అని రాస్తే ‘డబుల్’ వస్తుంది. డబ్బుకు డబుల్ వాడకూడదన్నది తెలిసిన సంగతే, అయినా ఫార్మాట్ అనే ఒక్క పదంతో అది ఎవరికీ తెలియకుండా లోపలికి వస్తుంది.

లావాదేవీ ఐడీలను సంఖ్యలుగా పంపుతుంటే ఇంకో సంగతి చూడాలి. జావా లాంగ్‌లో ఇమిడే సంఖ్య జావాస్క్రిప్ట్‌లో ఇమడకపోవచ్చు; అక్కడ 9007199254740991 దాటితే చివరి అంకెలు మారిపోతాయి. మీ స్పెక్ నుంచే ఫ్రంటెండ్ బృందం టైప్‌స్క్రిప్ట్ క్లయింట్‌ను జనరేట్ చేసుకుంటుంది, అక్కడ ఇంట్64 కూడా ‘నంబర్’ గానే వస్తుంది. ఐడీని స్ట్రింగ్‌గా పెట్టండి.

పేర్ల సంగతి. ప్రతి ఆపరేషన్‌కూ ‘ఆపరేషన్ఐడీ’ రాయండి. రాయకపోతే దారి నుంచీ హెచ్‌టీటీపీ పద్ధతి నుంచీ జనరేటర్ పేరు అల్లుతుంది, మెథడ్ పేరు చదవడానికే ఇబ్బందిగా ఉంటుంది, దారి మారితే మెథడ్ పేరు కూడా మారుతుంది. స్ప్రింగ్ జనరేటర్ డిఫాల్ట్‌గా దారిలోని మొదటి భాగాన్ని బట్టి ఇంటర్‌ఫేసులను విడగొడుతుంది. మీ దారులన్నీ ‘వీ1’తో మొదలైతే అన్ని ఆపరేషన్లూ ఒకే ఇంటర్‌ఫేసులో పోగుపడతాయి. ఆపరేషన్లకు ట్యాగులు పెట్టి ‘యూజ్‌ట్యాగ్స్’ ఆన్ చేస్తే చెల్లింపులు ఒక ఇంటర్‌ఫేసు, రీఫండ్లు ఒక ఇంటర్‌ఫేసు అవుతాయి.

స్కీమాలను రెస్పాన్స్ లోపలే రాయకండి. పేరు లేని స్కీమాకు జనరేటర్ ఆపరేషన్ పేరు చివర ‘200రెస్పాన్స్’ తగిలించి పేరు పెడుతుంది. ఆ క్లాసు పేరు మీ కోడ్ నిండా వాడాక ఆపరేషన్ పేరు మార్చాలంటే సగం ప్రాజెక్టును తాకాల్సి వస్తుంది. అన్నిటినీ ‘కాంపొనెంట్స్’ కిందికి తెచ్చి మీరే పేర్లు పెట్టండి. ఈ నియమాలను గుర్తుంచుకునే భారం మనుషుల మీద పెట్టకుండా ‘స్పెక్ట్రల్’ వంటి లింటర్‌తో (నియమాలను సరిచూసే పనిముట్టుతో) సీఐలో తనిఖీ చేయించండి.

గోదావరి_జావా

లెక్కల_ఏపీఐ గారూ, మా స్పెక్‌లో మొత్తం ఫీల్డ్ సరిగ్గా మీరు చెప్పినట్టే ఫార్మాట్ లేకుండా ఉంది. ఇది ఇప్పుడే తెలియడం మాకు మేలు చేసింది.

ఇంకో సందేహం. జనరేటర్ కంట్రోలర్ క్లాసులనే పుట్టిస్తోంది, వాటిలో మా కోడ్ ఎక్కడ రాయాలి? ‘ఇంటర్‌ఫేస్‌ఓన్లీ’, ‘డెలిగేట్‌ప్యాటర్న్’ అని రెండు ఆప్షన్లు చూశాను.

కాకతీయ_కోడ్

‘ఇంటర్‌ఫేస్‌ఓన్లీ’ తీసుకోండి. ఇంటర్‌ఫేసు మాత్రమే వస్తుంది, దారులూ వ్యాలిడేషన్ అనోటేషన్లూ దాని మీదే ఉంటాయి, మీ కంట్రోలర్ దాన్ని ఇంప్లిమెంట్ చేస్తుంది. డెలిగేట్ పద్ధతిలో కంట్రోలర్‌ను కూడా జనరేటరే పుట్టించి, మీ కోడ్‌ను వేరే డెలిగేట్ క్లాసులో రాయమంటుంది. మధ్యలో ఒక పొర పెరుగుతుంది, దానికి తగిన లాభం నాకు కనబడలేదు.

దీనికన్నా ముఖ్యమైన ఆప్షన్ మరొకటుంది: ‘స్కిప్‌డిఫాల్ట్‌ఇంటర్‌ఫేస్’. ఇది ఆన్ చేయకపోతే ఇంటర్‌ఫేసులోని ప్రతి మెథడ్‌కూ డిఫాల్ట్ అమలు ఒకటి వస్తుంది, అది 501, అంటే ‘ఇంకా అమలు చేయలేదు’ అన్న జవాబును పంపుతుంది. మీరు స్పెక్‌లో రీఫండ్ రద్దు అనే కొత్త ఆపరేషన్ చేర్చి, కంట్రోలర్‌లో రాయడం మరచిపోయారనుకోండి. కంపైల్ అవుతుంది, పరీక్షలూ నెగ్గుతాయి, ప్రొడక్షన్‌లో వాడుకరికి 501 వెళుతుంది. ‘స్కిప్‌డిఫాల్ట్‌ఇంటర్‌ఫేస్’ ఆన్ చేసి ఉంటే, ఆ మెథడ్ రాయనిదే మీ క్లాస్ కంపైలే కాదు. స్పెక్ నుంచి కోడ్ జనరేట్ చేయడంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనబడేది ఇదే: ఒప్పందం మారితే కంపైలర్ అడ్డుపడాలి. ఆ అడ్డును డిఫాల్ట్ సెట్టింగ్ తీసేస్తోంది, దాన్ని మీరు తిరిగి పెట్టుకోవాలి.

సాగరతీరం

భాగస్వామి స్పెక్ గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని బిల్డ్ సమయంలో వారి వెబ్ చిరునామా నుంచి తెచ్చుకునేలా పెట్టకండి. వారు రాత్రి మార్చితే ఉదయం మీ బిల్డ్ పడిపోతుంది, లేదా పడిపోకుండానే మారిపోతుంది. ఒక ప్రతిని మీ రిపాజిటరీలో ఉంచుకుని, కొత్తది వచ్చినప్పుడు పుల్ రిక్వెస్టు ద్వారానే మార్చండి.

బయటి స్పెక్కుల్లో తప్పులు తరచుగా ఉంటాయి, వ్యాలిడేషన్ దగ్గరే ప్లగిన్ ఆగుతుంది. ‘స్కిప్‌వ్యాలిడేట్‌స్పెక్’ ఆన్ చేయాలనిపిస్తుంది. అలా చేస్తే తప్పు మాయం కాదు, జనరేట్ అయిన క్లాసుల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. మీ ప్రతిలోనే ఆ తప్పును దిద్ది, దిద్దిన సంగతిని కమిట్ సందేశంలో రాయండి, భాగస్వామికీ తెలియజేయండి. వారి స్పెక్ 3.1 వెర్షన్‌ది అయితే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 3.0లో ఉన్న ‘నలబుల్’ అనే పదాన్ని 2021 ఫిబ్రవరిలో వచ్చిన 3.1 తీసేసింది, అక్కడ టైప్‌నే జాబితాగా ఇచ్చి అందులో నల్‌ను చేర్చుతారు. జనరేటర్‌లో 3.1 మద్దతు 3.0 అంత పరిణతి చెందినది కాదు, కాబట్టి నల్ రాగల ఫీల్డులు సరిగ్గా వచ్చాయో లేదో ఒక్కొక్కటిగా చూడండి.

క్లయింట్‌కు ‘జావా’ జనరేటర్ తీసుకుని, దాని లైబ్రరీగా మీరు వాడేదాన్ని, రెస్ట్‌క్లయింట్ గానీ వెబ్‌క్లయింట్ గానీ ఎంచుకోండి. ‘ఈనమ్‌అన్‌నోన్‌డిఫాల్ట్‌కేస్’ అన్న ఆప్షన్‌ను తప్పక ఆన్ చేయండి. చెల్లింపు స్థితికి వారు రేపు కొత్త విలువ ఒకటి చేర్చితే, ఈ ఆప్షన్ లేని క్లయింట్ ఆ జవాబును చదవలేక ఎక్సెప్షన్ విసురుతుంది, డబ్బు కట్ అయిన చెల్లింపు మీ వైపు విఫలమైనట్టు కనబడుతుంది. ఆప్షన్ ఉంటే ‘తెలియని విలువ’గా వస్తుంది, మీరు దాన్ని పెండింగ్‌గా చూసుకోవచ్చు.

మొదటి_కమిట్

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా క్లాసుల్లో ప్రతి ఫీల్డ్ మీద మా సొంత మాస్కింగ్ అనోటేషన్ రావాలి. దానికోసం టెంప్లేట్లను మార్చాలా?

కాకతీయ_కోడ్

టెంప్లేట్లు (కోడ్ అచ్చులు) ముస్టాష్ అనే టెంప్లేట్ భాషలో ఉంటాయి, వాటిని బయటకు తీసి మార్చి, ప్లగిన్‌కు ఆ ఫోల్డర్ చూపవచ్చు. కానీ జనరేటర్ వెర్షన్ మారిన ప్రతిసారీ మీ ప్రతినీ వారి కొత్త టెంప్లేట్‌నూ కూర్చుని కలపాల్సి ఉంటుంది. స్పెక్‌లో ఆయా ప్రాపర్టీల కింద ‘ఎక్స్ ఫీల్డ్ ఎక్స్‌ట్రా అనోటేషన్’ అనే ఎక్స్‌టెన్షన్ రాస్తే స్ప్రింగ్ జనరేటర్ ఆ అనోటేషన్‌ను ఫీల్డ్ మీద పెడుతుంది. నిజంగా మాస్క్ చేయాల్సిన ఫీల్డులు కార్డు నంబరు, ఫోన్ నంబరు వంటివి కొన్నే ఉంటాయి కదా, ముందు దానితో ప్రయత్నించండి.

గోదావరి_జావా

ఇప్పుడు మా బిల్డ్ ఇలా ఉంది. ఏపీఐ కోసం వేరే మాడ్యూల్ పెట్టి, రెండు జనరేట్ టాస్కులనూ అందులోకి తెచ్చాం. సర్వర్ టాస్క్‌లో ఇంటర్‌ఫేస్ఓన్లీ, స్కిప్‌డిఫాల్ట్‌ఇంటర్‌ఫేస్, యూజ్‌ట్యాగ్స్, యూజ్‌స్ప్రింగ్‌బూట్3 ఉన్నాయి. స్కిప్‌డిఫాల్ట్‌ఇంటర్‌ఫేస్ పెట్టిన వెంటనే స్పెక్‌లో ఉండి కోడ్‌లో లేని ఆపరేషన్లు బయటపడ్డాయి. మొత్తం ఫీల్డులన్నీ ఇంట్64 అయ్యాయి. కోడ్‌ను కమిట్ చేయకూడదని నిర్ణయించాం.

ఒక్కటే మిగిలింది. సీఐలోని ఒక పాత పైప్‌లైన్‌లో మాత్రం ప్లగిన్ లోడ్ అయ్యేటప్పుడే ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్’ ఎర్రర్ వచ్చి, 55 అనీ 52 అనీ సంఖ్యలు చూపుతోంది.

బిల్డ్_మేస్త్రి

55 అంటే జావా 11, 52 అంటే జావా 8. జనరేటర్ 7వ వెర్షన్ నుంచి నడవడానికే కనీసం జావా 11 కావాలి, మీ పైప్‌లైన్ గ్రేడిల్‌ను జావా 8తో నడుపుతోంది. టూల్‌చెయిన్‌లో 17 అని రాసినా అది కంపైల్ చేసే జావాను మాత్రమే మారుస్తుంది. ప్లగిన్ నడిచేది గ్రేడిల్ నడిచే జావా మీదే. ఆ యంత్రంలో జావా హోమ్‌ను 17కు మార్చండి.

ప్లగిన్ వెర్షన్‌ను ఖచ్చితమైన సంఖ్యతో కట్టేయండి, వెర్షన్ చోట ప్లస్ గుర్తు పెట్టకండి. పెంచవలసి వచ్చినప్పుడు పాత వెర్షన్‌తో పుట్టిన డైరెక్టరీని పక్కకు కాపీ చేసి, కొత్తదానితో జనరేట్ చేసి, రెండింటినీ డిఫ్ చేసి చూడండి. మోడల్ క్లాసుల్లోని కన్‌స్ట్రక్టర్లూ, ఖాళీ లిస్టుల డిఫాల్ట్ విలువలూ ఎక్కువగా మారే చోట్లు. లిస్ట్ ఫీల్డ్ ఒక వెర్షన్‌లో నల్‌గా, మరో వెర్షన్‌లో ఖాళీ లిస్ట్‌గా మొదలైతే కంపైలర్ ఏమీ చెప్పదు, పంపే జేసన్ మాత్రం మారుతుంది. కాబట్టి రీఫండ్ రెస్పాన్స్‌ను జేసన్‌గా మార్చి, ముందే ఉంచుకున్న ఫైల్‌తో పోల్చే టెస్టు ఒకటి ఏపీఐ మాడ్యూల్‌లో రాసి ఉంచండి.